వియన్నాలో అమావాస్య సెలవు

మేము వియన్నా చూడడానికి పోలేదు, పనికి పోయాం. ఊరు చూడడమనేది అమావాస్య పుణ్యాన జరిగింది. మా గద్వాల వాళ్లు ఎవరైనా ఆ దారిన పోతే పనికొస్తుందని ఆ ఒక్క రోజు సంగతీ, తిరుగు ప్రయాణం సంగతీ రాస్తున్నాను.

మా ఆయన మగ్గం మీద కూర్చుంటాడు. మగ్గం చుట్టూ ఉండే పనులన్నీ నేను చేస్తాను. ఆ ఏడు చలికాలంలో ఢిల్లీ వాళ్లు కొందరు చేతిపనివాళ్లను ఎంపిక చేసి వియన్నాలో ఒక ప్రదర్శనకు పంపారు. అందులో మేమిద్దరం ఉన్నాం. అక్కడ ఒక నేత బడి హాల్లో మాకు మగ్గం వేసి ఇచ్చారు. ఆయన నేస్తుంటే జనం చూడాలి. నేను పక్కన చాప మీద కూర్చుని అతుకుడు పని చేయాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. వేళ్లకు బూడిద అద్దుకుని నూలు పోగు చివరికి పట్టు పోగును ముడి లేకుండా మెలివేయాలి. చీర వెడల్పంతా అలాగే, పోగు తర్వాత పోగు. మా ఇళ్లలో దాన్ని పని కింద లెక్కపెట్టరు. ఆడవాళ్లు ముచ్చట్లు చెప్పుకుంటూ చేసేస్తారు.

చూడడానికి వచ్చినవాళ్లు మగ్గం ముందు కాసేపు నిలబడి, తర్వాత నా చాప దగ్గరికి వచ్చి ఎంతకీ కదిలేవారు కాదు. "నీ ముక్కుపుల్లను చూస్తుండ్రే" అనేవాడు మా ఆయన. నేనూ అదే అనుకున్నాను.

వారం గడిచాక అమావాస్య దగ్గరికొచ్చింది. అమావాస్య నాడు మా నేత ఇళ్లలో మగ్గం ముట్టరు. ఆదివారం కూర్చోమన్నా కూర్చుంటానుగాని అమావాస్య నాడు కూర్చోనని మా ఆయన భీష్మించాడు. ఆ మాటను వాళ్ల భాషలో చెప్పింది సుగుణ. సుగుణది మా దిక్కే, పెద్దమందడి. అమ్మానాన్నలు కూలి చేసి చదివిస్తే, మిషన్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుని వియన్నా దాకా వచ్చింది. డ్యూటీ లేనప్పుడు వచ్చి మా ఇద్దరికీ నోరై నిలబడేది. ప్రదర్శన వాళ్లు ఆమె చెప్పింది శ్రద్ధగా విని, మగ్గానికి ఒక అట్ట కట్టారు. రేపు చంద్రుడు ఉండడు కాబట్టి మగ్గం ఉండదు అని దాని మీద రాశారట. వాళ్లకు అందులో నవ్వులాట ఏమీ కనిపించలేదు.

ఆ సాయంత్రమే సుగుణ కోటు తొడుక్కుంటూ ఇంకో మాట చెప్పింది.

"అన్నా, వదినా, మీలో ఒకలను మూడు నెలలు ఉండుమంటుండ్రు, ఈ బడిల నేర్పనీకి. రూము, తిండి, జీతం అన్ని వాళ్లవే. రేపు ఆరింటికి ఈడికే రాండ్రి, పెద్దమ్మ మాట్లాడతది. నాకు డ్యూటీకి లేటయితుంది, పోత."

పెద్దమ్మ అంటే ఆ బడిని నడిపే తెల్లజుట్టు ఆవిడ. ఒకరు అంటే ఎవరని మేము అడగలేదు. అడిగేదేముంది, మగ్గం మీద కూర్చునేది ఎవరో లోకానికంతా కనిపిస్తూనే ఉంది. పెళ్లయ్యాక ఆయన్ను వదిలి నేను వారం రోజులు కూడా ఉండలేదు. మూడు నెలలని ఉండిపోతే మళ్లీ వస్తాడో రాడో అన్న భయం పట్టుకుంది. మరునాడు వియన్నా అంతా ఆ భయంతోనే తిరిగాను.

పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. బడి హాస్టల్లోనే మా బస. నాష్టాకు బ్రెడ్డు, వెన్న, చల్లటి మాంసం ముక్కలు పెడతారు. మేము ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు జొన్న రొట్టెలు, పల్లీల పొడి దస్తీలో కట్టుకున్నాం. పోయేవాళ్లు ఇవి తప్పక పట్టుకుపోవాలి. ఆ చలికి రొట్టె పాడవదు, మనిషే పాడవుతాడు.

నా వేషం చెప్పాలంటే గద్వాల చీర, దాని లోపల ఆయన పాత ప్యాంటు, పైన సుగుణ ఇచ్చిన మోకాళ్ల దాకా కోటు, రెండు జతల మేజోళ్లు. మా ఆయన మంకీ టోపీ పెట్టుకుని, దాని మీద మఫ్లరు చుట్టి, అద్దంలో చూసుకుని మళ్లీ విప్పాడు.

"గిట్ల పోతే ఎవలన్న గుర్తువడతరానే?" అన్నాడు.

వియన్నాలో ఆయన్ను గుర్తుపట్టాల్సినవాళ్లు ఎవరున్నారో నాకు అర్థం కాలేదు. అప్పటికే పెద్ద ఉద్యోగస్తుడిలా నడుస్తున్నాడు.

సిగరెట్ల దుకాణంలో రోజంతా చెల్లే టికెట్లు అమ్ముతారు. అవి తీసుకుని ట్రాము ఎక్కాలి. ట్రాములో కండక్టరు ఉండడు. ఒక పెట్టెలో టికెట్టు మనమే దూర్చి ముద్ర వేసుకోవాలి. చూసేవాడు లేకున్నా అందరూ టికెట్లు కొని కూర్చోవడం మా ఆయనకు మింగుడు పడలేదు.

"మన దిక్కు గిట్ల వెడితే డిపో నాలుగొద్దుల్ల మూసుకోవాలె," అన్నాడు.

పాత ఊరి చుట్టూ ఒక పెద్ద రోడ్డు గుండ్రంగా తిరుగుతుంది. ఒకటో నంబరు ట్రాము ఒక వైపు నుంచి, రెండో నంబరు ఇంకో వైపు నుంచి దాని మీద తిరుగుతాయి. మేము ఒకటో నంబరు ఎక్కాం. పాటల నాటకాలాడే పెద్ద భవనం, రాజుల మహలు, పార్లమెంటు, వరసగా కిటికీలోంచి పోయాయి. ఎక్కడ దిగాలో తేల్చుకునేలోగా ఎక్కినచోటికే వచ్చాం. మొదట మొత్తం ఒకసారి చూసుకోవాలని తనే అలా చేశానన్నాడు మా ఆయన. సరే అని రెండో చుట్టు కూర్చున్నాం.

ఆ చుట్టులో నా ఎదుటి సీట్లో ఒక ముసలావిడ కూర్చుంది. కోటు కింద కనిపిస్తున్న నా చీర అంచును చూసి చూసి, వంగి వేళ్లతో పట్టుకుంది. మా ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "నేనే నేసిన," అని తెలుగులోనే చెప్పాడు. ఆవిడ నవ్వి నా చెయ్యి తట్టి దిగిపోయింది. ఆయన చెయ్యి అలాగే రొమ్ము మీద ఉంది.

పదింటికి ట్రాము దిగి పెద్ద చర్చి దాకా నడిచాం. దాని కప్పు మీద రంగురంగుల పెంకులు వంకీలు వంకీలుగా పరిచారు. మా ఆయన నడిరోడ్డులో ఆగి మెడ వెనక్కి వంచి ఒక్కో వరసా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మగ్గం మనిషికి నేతలాంటిది ఎక్కడ కనిపించినా అంతే, పోగుల లెక్క తేలేదాకా అక్కడి నుంచి కదలడు. ఆయన్ను చూసి ఇద్దరు ఆగి పైకి చూశారు. వాళ్లను చూసి ఇంకో నలుగురు ఆగారు. పోలీసు కూడా వచ్చి కాసేపు పైకి చూసి, ఏమీ కనపడక వెళ్లిపోయాడు.

"మన చీరల కోటకొమ్మ అంచు లెక్కనే ఉన్నదే. తీరుబడిగ చూస్తే మొత్తం మగ్గం మీదికి ఎక్కించుకోవచ్చు. మూడు నెలలు చాలు," అన్నాడు.

మూడు నెలల మాట నోటి నుంచి రావడం అదే మొదలు. నేను వినబడనట్టు చర్చిలోకి నడిచాను. లోపల తన పేరు మీద ఒక కొవ్వొత్తి వెలిగించమని సుగుణ చెప్పింది. వెలిగించి, ఆ పక్కనే నా పేరు మీద ఇంకొకటి పెట్టాను. మా మార్కండేయుడికి మనసులో చెప్పుకున్నాకే, మా ఆయనకు ఈ బడి మీద మనసు విరగాలని ఏసుకు మొక్కుకున్నాను. మన దేవుడు అంత దూరం రావాలంటే టైము పడుతుందని నా ఆలోచన.

బయటికి వచ్చేసరికి మంచు పడుతోంది. మంచు గురించి ఏవేవో విన్నాం గాని, నాకైతే మా ఊళ్లో జిన్నింగ్ మిల్లు పక్క సందులో ఎగిరే దూదిలా అనిపించింది. కాకపోతే ఆ దూది చీర తడపదు. చీర కుచ్చిళ్లు తడిసి గట్టిపడి, నడుస్తుంటే చీపురులా చప్పుడు చేశాయి. సందు మూల మీద ఒకతను పెద్ద పెనం మీద ఏవో కాయలు కాల్చి పొట్లం కట్టి ఇస్తున్నాడు. రుచి అచ్చం కాల్చిన చిలగడదుంపదే. పొట్లం చేతిలో పట్టుకుంటే వేళ్లకు వెచ్చగా ఉంటుంది, అందుకైనా కొనుక్కోవచ్చు.

పన్నెండున్నరకు రైల్వే స్టేషన్ హాల్లో బెంచీ చూసుకుని రొట్టెల మూట విప్పాం. అక్కడ వెచ్చగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు. తింటూ మా ఆయన అప్పగింతలు మొదలుపెట్టాడు.

"మగ్గం మీద గుడ్డ కప్పు, దుమ్ము వడుతది. పిల్లను దినాం బడికి తోలు. అమ్మతోని కొట్లాట వెట్టుకోకు. చీకటయినంక బజారుకు పోకు. ఏమన్న పరేషాన్ అయితే మా తమ్మునికి చెప్పు."

మా అమ్మాయి ఏడో తరగతి. దాన్ని దినాం బడికి తోలేది నేనే. మగ్గం మీద గుడ్డ కప్పేదీ నేనే. నేను గద్వాలకు నిన్ననే బదిలీ అయి వచ్చినట్టు మాట్లాడుతున్నాడు. ఉంటావా అని నేను అడగలేదు, ఉంటానని ఆయన చెప్పలేదు, అయినా ఆయన ఉండిపోయాడు, నేను ఊరికి చేరి ఇల్లు కూడా చూసుకుంటున్నాను. కోపంతో రొట్టె గొంతులో అడ్డం పడింది. చలికి గట్టిపడిందని ఆయన నీళ్లు ఇచ్చాడు.

స్టేషన్ బయట ట్రాము స్టాపులో పసుపు కోటు వేసుకుని పేపర్లు అమ్ముతున్న మనిషి మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. పంజాబీ. మాది గద్వాల అంటే, అది పంజాబులో ఏ జిల్లా అని అడిగాడు. మా ఆయన మా పాలమూరు ఉర్దూలో, తనకు ఇక్కడ మూడు నెలల కొలువు వచ్చిందని చెప్పుకున్నాడు.

పేపరతను సంతోషంగా ఆయన భుజం తట్టాడు. "మై భీ తీన్ మహీనే కే లియే ఆయా థా, భాయ్ సాబ్. ఆఠ్ సాల్ హో గయే."

మూడు నెలలకని వచ్చి ఎనిమిదేళ్లుగా ఉన్నాడట. పెళ్లాం ఊళ్లోనే ఉందట. అది కూడా నవ్వుతూనే చెప్పాడు. ఆ ట్రాములో నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను.

రెండింటికి పెద్ద రంగులరాట్నం దగ్గరికి చేరాం. మన జాతరలో ఉండేదాని లాంటిది కాదు. ఒక్కో పెట్టె మా ఇంటి ముందరి గదంత ఉంటుంది, కిటికీలూ బెంచీలూ ఉంటాయి, పోతున్నట్టే తెలియకుండా పైకి పోతుంది. చలికాలం కావడంతో మా పెట్టెలో మేమిద్దరమే. పెళ్లయ్యాక ఆయనా నేనూ వేరే మనిషి లేకుండా ఒక గదిలో పగటిపూట కూర్చోవడం అదే మొదటిసారేమో. పైకి పోయాక ఊరంతా తెల్లగా కనిపించింది.

"అగో, ఆ పొగగొట్టం అవుతల బడి ఉన్నట్టుంది. నేను గాడ ఉంట," అని వేలు పెట్టి చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "ఉండనీకే అనుకుంటున్న. నువ్వు ఏడ్వకు. మల్ల గిట్ల పిలిచేటోళ్లు దొరకరు. నేనే ఉండాలె, నేనుగాక నేర్పెటోడు ఎవడున్నడు?"

నేను ఏడవడం లేదు. ఆయన్ను ఆ కిటికీలోంచి తోసేస్తే ఎక్కడ పడతాడో చూస్తున్నాను. నిజం చెప్పాలంటే కాసేపటికి ఏడుపు కూడా వచ్చింది.

నాలుగింటికే చీకటి పడింది. క్రిస్మస్ దుకాణాల్లో దీపాలు పెట్టారు. చూడముచ్చటగా ఉంటుంది, తప్పక చూడాలి. మా ఆయన నాకు ఉన్ని చేతి తొడుగులు కొనిపెట్టాడు. బేరం కూడా ఆడలేదు. వదిలిపోయే మనిషికి ఎంత ధారాళం వస్తుందో ఆ రోజు చూశాను.

ఆరింటికి బడికి చేరాం. పెద్దమ్మ, ఇద్దరు పంతుళ్లు, సుగుణ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. కాఫీ ఇచ్చారు. మా ఆయన టోపీ తీసి, జుట్టు సర్దుకుని, ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను వెనక గోడ దగ్గర కూర్చున్నాను. పెద్దమ్మ లేచి ఆయన్ను దాటి వచ్చి నా పక్కన కూర్చుని ఏదో చెప్పింది. సుగుణ నా వైపే చూస్తూ తెలుగులో అంది.

"వదినా, మగ్గం మీద నేసుడు వీళ్లకు వచ్చు. నువ్వు చేసే అతుకుడే ఎవలకు రాదంట. వారం నుంచి నిన్నే చూస్తుండ్రు. మూడు నెలలు ఉండి పిల్లలకు నేర్పుతవా అని అడుగుతుంది."

మా ఆయన మొహంలో నవ్వు అప్పటికే పెట్టి ఉంది. దాన్ని ఎలా తీయాలో తెలియక అలాగే ఉంచాడు.

"నన్నా?" అన్నాను.

"నిన్నే."

మొదట నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి నేను పడ్డ భయమంతా ఎందుకు పడ్డట్టు? తర్వాత వేరే భయం పట్టుకుంది. ఆ తెల్లజుట్టు ఆవిడ నా బూడిద వేళ్లను తన చేతిలో పట్టుకుని, నేనేమంటానో అని నా నోటి వైపే చూస్తోంది. ఉంటావా అని నన్ను ఎవరైనా అడగడం నా బతుకులో అదే మొదలు. పెళ్లిచూపుల్లో కూడా అడగలేదు. నాకు ఉండాలనిపించింది. ఎంతగా అంటే, పక్కన ఎవరున్నారో ఒక నిమిషం మరిచిపోయాను.

"ఏమంటవయ్యా?" అని మా ఆయన్ను అడిగాను.

ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. "పిల్లను ఎవలు చూస్తరు?" అన్నాడు.

"తండ్రివి నువ్వున్నవ్ గద," అన్నాను. "ఉంట అని చెప్పు సుగుణా."

రెండు రోజుల తర్వాత మాతో వచ్చిన మిగతా చేతిపనివాళ్లతో పాటు ఆయన విమానం ఎక్కాడు. ఎక్కే ముందు, "ఊర్ల ఏమని చెప్పాలె?" అని అడిగాడు. ఉన్నది చెప్పమన్నాను. తల ఊపాడు.

ఆ మూడు నెలల గురించి రాస్తే వేరే కథ అవుతుంది. పన్నెండు మంది పిల్లలకు నేర్పాను. నలుగురికి బాగా వచ్చింది, మిగతావాళ్లకు ఓపిక వచ్చింది. మా ఆయన వారానికొక ఉత్తరం రాసేవాడు. పిల్ల బాగుందనీ, మగ్గం నిలిచిందనీ, పొరుగింటి వాళ్లను బతిమాలి అతికించుకుంటే పోగులు తెగుతున్నాయనీ రాసేవాడు.

తిరుగు ప్రయాణం ఒక్కదాన్నే చేశాను. విమానంలో ఢిల్లీ, రైల్లో హైదరాబాద్, అక్కడి నుంచి పొద్దున గద్వాల బస్సు. ఆడవాళ్లు ఒంటరిగా పోవచ్చా అని అడిగేవాళ్లకు చెబుతున్నాను, పోవచ్చు. చేతిలో టికెట్టు, నోట్లో నాలుక ఉంటే చాలు. ఒక్క చోటే ఇబ్బంది వచ్చింది. అది మహబూబ్‌నగర్లో మా వాడకట్టు అనసూయ బస్సెక్కినప్పుడు.

నన్ను చూసి ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో వదినా! లేచి తిరుగుతున్నవా? నొప్పి తగ్గిందా?"

"ఏం నొప్పి?"

"కడుపుల గడ్డ తీసిండ్రంట గద. ఫారిన్ దవాఖానల మూడు నెలలు పండవెట్టిండ్రంటే మేము ఆశ ఇడిసినం. అన్న చెప్తుంటే వాడకట్టంత ఏడ్చిండ్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. అన్ని ఉత్తరాలు రాసినవాడు ఈ గడ్డ సంగతి ఒక్క ముక్క రాయలేదు.

"గడ్డ లేదు, గిడ్డ లేదు. ఆడ బడిల నేర్పనీకి ఉంచుకున్నరు నన్ను."

"ఏం నేర్పనీకి?"

"అతుకుడు."

అనసూయ నా వైపు జాలిగా చూసి, సంచిలోంచి బత్తాయి తీసి చేతిలో పెట్టింది. "మత్తు మందు దిగెదాంక గట్లనే అనిపిస్తదంట వదినా. మాట్లాడకు. జర కండ్లు మూసుకో."

గద్వాల దాకా ఆమె నన్ను భుజం మీద పడుకోబెట్టుకుంది. బస్సులో సగం మందికి నా గడ్డ గురించి తెలిసిపోయింది. కృష్ణ దాటుతుంటే డ్రైవరు గుంతల దగ్గర మెల్లగా పోనిచ్చాడు, అంతా నా మంచికే.

బస్టాండులో మా ఆయన నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. నేను నోరు తెరిచేలోగా అనసూయ నన్ను పట్టుకుని దించింది.

"అన్నా, వదినకు ఇంక సోయి రాలే. బడి అంటది, ఆడ నేర్పిన అంటది. ఇంటికి తీస్కపోయి పండవెట్టు."

ఆయన నన్ను చూశాడు. నేను సాయం చేయలేదు. కండక్టరు, ఇద్దరు ఆటోవాళ్లు, సోడా బండి అతను, బస్సులోంచి దిగిన నా శ్రేయోభిలాషులు అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన నా చేతిలోని బ్యాగు తీసుకుని కింద పెట్టాడు.

"ఆమె చెప్పేదే నిజం," అన్నాడు. "గడ్డ లేదు. మా ఇద్దర్ల ఒకలను ఉంచుకుంటమన్నరు. ఆమె పని చూసి ఆమెను ఉంచుకున్నరు, నన్ను తోలిండ్రు. చెప్పుకోనీకి సిగ్గయ్యి నేనే అబద్ధం చెప్పిన."

అంత గట్టిగా చెప్పక్కరలేదు. పక్క బస్సులో కూర్చున్నవాళ్లు కూడా కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. ఆయన బ్యాగు ఎత్తి భుజాన వేసుకుని ఆటో పిలిచాడు.

ఆటోలో నాకు ఏడుపు ఆగలేదు. కోట గోడ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆయన కాసేపు రోడ్డు చూశాడు, కాసేపు నన్ను చూశాడు.

"ఎందుకేడుస్తున్నవే? అబద్ధం చెప్పినందుకా, నిజం చెప్పినందుకా?"

"రెండిటికీ," అన్నాను.